తన పక్షపు అబద్ధము

పులివెందుల జడ్పీటీసీ స్థానమునకు 2025 ఆగస్టు 12వ తేదీన ఉప ఎన్నిక జరిగి, రెండు పోలింగు కేంద్రములలో మరునాడు మరల పోలింగు నడిచి, ఫలితము వెలువడిన పిమ్మట, ఆ ఎన్నికను గూర్చి సెల్‌ఫోనులలో ప్రవహించిన దృశ్యములును నిందలును ఇంకను చల్లారక మునుపే, ప్రొద్దుటూరులో ఒక న్యాయవాది కార్యాలయమున నడచిన సంవాదమిది. ఒకరు జమ్మలమడుగు ప్రాంతమున చిరకాలము సాంఘికశాస్త్రము బోధించి విశ్రాంతి పొందిన అయ్యవారు. రెండవవారు ఆయన శిష్యుడై, నేడు ప్రొద్దుటూరు న్యాయస్థానములలో వాదించుచున్న వకీలు. గురుశిష్యుల నడుమ గల ఆదరము వారి అభిప్రాయభేదమును తగ్గింపలేదు. అభిప్రాయభేదము ఆ ఆదరమునకు లోటు తేలేదు.

అయ్యవారు: నాయనా, ఆ పోలింగు దినమున తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకు వరకు నా ఫోనునకు వచ్చిన వీడియోలకు అంతులేదు. ఒకదానిలో ఓటర్లను అడ్డగించుచున్నారనిరి. మరియొకదానిలో అట్టి గుంపునే చూపి, వీరు స్వేచ్ఛగా ఓటు వేయవచ్చిన గ్రామస్థులనిరి. వరుసలో నిలుచున్నవారు బయటి ఊళ్లవారని ఒకరు, స్థానికులేయని ఇంకొకరు. లెక్కింపు వేళ బ్యాలెట్ పెట్టెలో ఒక చీటీ దొరికెననియు, ముప్పది యేండ్ల తరువాత ఓటు వేసితినని ఎవరో ఓటరు అందులో వ్రాసెననియు పత్రికలలో చదివితిమి. ఆ ఒక్క చీటీని ఒక పక్షమువారు పులివెందులకు వచ్చిన స్వాతంత్ర్యమునకు సాక్ష్యముగా ఊరూరికి పంపిరి. ఎన్నికయే బూటకమని వాదించుచున్న రెండవ పక్షమువారికి ఆ చీటీ లెక్కలోనికే రాలేదు. ఆ కడప జిల్లాలోనే పుట్టి, అక్కడి దారులన్నియు ఎరిగి, పిల్లలకు పౌరశాస్త్రము చెప్పి జీవించిన నాకే జరిగినదేదో తేలకపోయినచో, ఇక సామాన్య ఓటరు దేనిని నమ్మి నిర్ణయించుకొనవలెను? ప్రజాప్రభుత్వమునకు మూలము ప్రజల సమ్మతి. ఆ సమ్మతికి మూలము ఎరుక. ఎరుకను చెరుపువాడు ఓటును దొంగిలించినవానితో సమానుడు. వానిని శిక్షించు కఠినశాసనము కావలెనని నా నిశ్చితాభిప్రాయము.

న్యాయవాది: అయ్యవారూ, శాసనములు లేవని మీరనుకొనుచున్నారు గాని, ఉన్నవి చాలనే యున్నవి. వదంతి పుట్టించి ప్రజలను రెచ్చగొట్టువానికి భారతీయ న్యాయ సంహితలోని 353వ సెక్షను మూడేండ్ల వరకు కారాగారము విధించుచున్నది. అభ్యర్థి వ్యక్తిగత శీలమును గూర్చి తెలిసి తెలిసి అబద్ధము ప్రచారము చేయుట ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ సెక్షను నాలుగవ ఉపవిభాగము ప్రకారము అవినీతికర చర్య. అది రుజువైనచో గెలిచిన ఎన్నికయే రద్దగును. పోలింగు ముగియుటకు ముందటి నలువదియెనిమిది గంటలు ప్రచారము చేయరాదని 126వ సెక్షను చెప్పుచున్నది. ఇన్నియుండియు అబద్ధము ఆగలేదనగా, మరియొక సెక్షను చేర్చినంతమాత్రమున ఆగునని ఏ ధైర్యముతో అందుము? అంతకన్న పెద్ద సంశయము నాకు వేరొకటి గలదు. ఇది అబద్ధము, ఇది నిజము అని నిర్ణయించు పీఠముపై మీరు ఎవరిని కూర్చుండబెట్టుదురు?

అయ్యవారు: ఆ ప్రశ్నకు వెరచి చేతులు ముడుచుకొని కూర్చుండిన ఫలితమేమో మన కన్నులారా చూచితిమి గదా. 2019 మార్చి 15వ తేదీ ఉదయము మాజీ మంత్రి, మాజీ పార్లమెంటు సభ్యుడు వై.యస్. వివేకానందరెడ్డి తన పులివెందుల గృహములో మృతుడై కనిపించెను. గుండెపోటుతో మరణించెనని తొలివార్త. టీవీలలో ఆ మాటయే అడుగున నడచుచుండెను. ఫోనులలో సంతాప సందేశములు ఆ మాటతోనే వచ్చినవి. కొన్ని గంటలు గడవగనే దేహముపై గాయములు గలవని తెలిసెను. అది హత్యయని తేలెను. ఇక అప్పటినుండి చంపించినది మీరనగా మీరని రెండు పక్షముల నిందలు. నెల తిరుగకుండగనే, ఏప్రిల్ 11న, రాష్ట్రమంతటను ఓటు. ఆ నెలలోపల ఏ దర్యాప్తును పూర్తి కాలేదు, పూర్తి యగుటకు వీలును లేదు. కాని తీర్పు మాత్రము కోట్ల ఫోనులలో వ్రాయబడినది. 2020లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించెను. 2022 నవంబరులో సుప్రీంకోర్టు విచారణను హైదరాబాదునకు మార్చెను. న్యాయము ఇంకను నడచుచునే యున్నది. అసత్యము ఆ దినమే గమ్యము చేరినది. తొలి గంటలలో అబద్ధము చెప్పినవారెవరు, తరువాత నింద అల్లినవారెవరు అని ఆనాడే నిలదీసియుండినచో, ప్రజలు మరింత నిష్కల్మషమైన మనస్సుతో ఓటు వేసియుండెడివారు కారా?

న్యాయవాది: ఆ కేసునే నేనును సాక్ష్యముగా పిలిచెదను. అయిదేండ్లకు మరల ఎన్నికలు వచ్చినవి. 2024 ఏప్రిల్‌లో, ప్రచారము ముమ్మరముగా సాగుచుండగా, వివేకానందరెడ్డి హత్యను గూర్చి సభలలో ప్రస్తావింపరాదని కడప జిల్లా న్యాయస్థానము ప్రతిపక్ష నాయకులను, మృతుని కుమార్తెను సైతము కట్టడి చేసెను. నిరూపణ కాని నిందలను ఆపుటయే ఆ ఆజ్ఞకు చెప్పిన కారణము. అనగా మీరు కోరుచున్న సదుద్దేశమే. సుప్రీంకోర్టు ఆ ఆజ్ఞపై స్టే ఇచ్చినది మే 17న. పోలింగు జరిగినది మే 13న. తండ్రి హత్యను గూర్చి కుమార్తె ఓటర్లతో మాటాడవచ్చునా లేదా యను ప్రశ్నకు ఉత్తరము ఓటర్లు ఇండ్లకు పోయిన నాలుగు దినములకు వచ్చెను. నోరు మూయించుట గడియలో అయ్యెడి పని. ఆ నోరు తిరిగి తెరువబడుటకు దేశపు అత్యున్నత న్యాయస్థానము వరకు నడువవలెను. అబద్ధము వేగముగా పోవునని మీరనుచున్నారు; నిషేధము సైతము అంతే వేగముగా పోవునని నేననుచున్నాను.

అయ్యవారు: అయినను రెండింటి కీడు సమానము కాదు. నీకు గుర్తుండవలెను, 2010 జనవరి 7వ తేదీ రాత్రి. అంతకు నాలుగు నెలల పూర్వము, 2009 సెప్టెంబరు 2న, ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ప్రయాణించిన హెలికాప్టరు నల్లమలలో కూలెను. ఆ మరణము వెనుక ఒక పారిశ్రామిక కుటుంబము కుట్ర గలదని, ఏదో విదేశీ వెబ్‌సైటులో వచ్చిన వ్రాతను ఆధారముగా చేసికొని టీవీ5 ప్రసారము చేసెను. మరికొన్ని ఛానళ్లు అందుకొనెను. ఆ రాత్రియే రాష్ట్రములో పలుచోట్ల రిలయన్స్ దుకాణములపై, పెట్రోలు బంకులపై జనము విరుచుకుపడెను. కూరగాయలమ్ము దుకాణపు అద్దములు పగులగొట్టినవాడు ఆ వెబ్‌సైటు పేరైనను ఎరుగడు. మరునాడు ఛానలువారిని అరెస్టు చేసిరి. కాని పగిలినది పగిలినదే. అధికారిక విచారణలలో ఏ కుట్రకును ఆధారము దొరకలేదు. ఆ మాట ఎందరి చెవినబడెను? 2018లో అమెరికాలోని ఎంఐటీ పండితులు ట్విట్టరులో సుమారు 1,26,000 వార్తల నడకను పరిశీలించి, నిజమైన వార్తకంటె అబద్ధపు వార్తను జనులు మరల పంచుటకు 70 శాతము అధికమైన అవకాశము గలదని ప్రకటించిరి. మన జిల్లాలో ఆ లెక్క తెలియకుండగనే మనకది అనుభవము.

న్యాయవాది: ఆ సంఘటన నాడు మన ఊళ్లలో వాట్సాప్ అన్న పేరు ఎవరెరుగుదురు? చేతిలో ఇంటర్నెట్టు గల ఫోను ఎందరికుండెను? యంత్రము లేకయే ఆ అగ్ని రగిలినది. తమవాడనుకొన్న నాయకుని పోగొట్టుకొన్న జనుల దుఃఖము ఒక దోషికొరకు వెదకుచుండెను. ఛానలు ఒక పేరునందించెను. కావున దోషము కేవలము సాధనముపై మోపినచో రోగమూలము మన కంటబడదు. ఇక నా బల్లవద్దకు వచ్చిన ఒక సంగతి చెప్పెదను, వినుడు. 2024 ఎన్నికలకు ముందు వేంపల్లె వైపునుండి ఒక చీనీతోట రైతు వచ్చెను. చేతిలో ముఖ్యమంత్రి ఛాయాచిత్రము ముద్రించిన కొత్త పట్టాదారు పాసుపుస్తకము. ఫోనులో అయిదారు సందేశములు. భూహక్కుల చట్టము వచ్చినదట, అసలు పత్రములు ప్రభుత్వమే ఉంచుకొని నకళ్లు మాత్రమే ఇచ్చునట, పొలము పోయినచో కోర్టుకు పోవుటకు వీలుండదట, నిజమేనా సారూ అని యడిగెను. పొలము గట్టున నాటిన సర్వేరాతిపై సైతము తాతతండ్రుల పేరు లేక నాయకుని బొమ్మయే యున్నదని ఆతని గోడు. నేను చట్టము తెరచి చదివితిని. సివిలు కోర్టుల అధికారము తొలగించినమాట నిజము. హక్కు నిర్ణయము ఒక అధికారి చేతికిచ్చినమాట నిజము. రెండేండ్లలోపల ఎవరును అభ్యంతరము చెప్పనిచో ఆ నమోదే తిరుగులేని హక్కగునన్నమాట నిజము. అందుకొరకే రాష్ట్రములోని న్యాయవాదులము కోర్టులు బహిష్కరించి నిరసన తెలిపితిమి.

అయ్యవారు: అసలు పత్రములు లాగికొందురన్నమాట సైతము నిజమేనా?

న్యాయవాది: చట్టములో నాకు కనబడలేదు. భూములు తాకట్టు పెట్టుకొందురన్న మాటయు కనబడలేదు. రైతునకు ఆ విషయము స్పష్టముగానే చెప్పితిని.

అయ్యవారు: అటులైనచో నీ సాక్షి నా పక్షమునకే వచ్చెను! మూడు నిజములకు రెండు అబద్ధములు కలిపి పంపిన సందేశము ఉత్తి అబద్ధముకంటె ప్రమాదకరము. నిజమును ఎరగా చూపి అబద్ధమును మ్రింగించుట అది. ఆ రైతునకు భయపడుటకు న్యాయమైన కారణమున్నది, సరే. కాని ఆతని భయమును కొలతకు మించి పెంచినవాడు ఆతని మేలు కోరి పెంచలేదు, ఓటు కోరి పెంచెను.

న్యాయవాది: ఒప్పుకొంటిని. కాని తరువాతి కథయు ఒప్పుకొనుడు. ఆ ప్రచారమంతయు అసత్యమని నాటి ప్రభుత్వ పక్షము ఎన్నికల సంఘమునకు మొరపెట్టెను; సంఘము ఆదేశింపగా సీఐడీ ప్రతిపక్ష నాయకులపై కేసు నమోదు చేసెను. ఎన్నిక ముగిసెను, అధికారము మారెను, 2024 జులైలో శాసనసభ ఆ చట్టమునే రద్దు చేసెను. మే నెలలో నేరమనిపించుకొన్న మాట జులైలో ప్రభుత్వ విధానమాయెను. మీరు కోరిన కఠినశాసనము ఆనాడుండి, తక్షణమే శిక్షించునదై యుండినచో, ఆ రెండు అబద్ధములతోపాటు మూడు నిజములు సైతము చెరసాలకు పోయియుండెడివి. నా వద్దకు వచ్చిన రైతు ప్రశ్నించుటకే భయపడియుండెడివాడు.

అయ్యవారు: మరి ఎన్నికల యంత్రములను గూర్చిన అనుమానము సంగతి యేమందువు? 2019లో ఓటు వేసిన వెంటనే ఈవీయంలను శంకించి, వీవీప్యాట్ చీటీలు సగము లెక్కింపవలెనని ఢిల్లీకి పోయినవారు చంద్రబాబునాయుడు. 2024లో ఓడిన పిదప, అభివృద్ధి చెందిన దేశములవలె కాగితపు బ్యాలెట్టుకు పోవలెననినవారు జగన్‌మోహనరెడ్డి. గెలిచిననాడు యంత్రము పవిత్రము, ఓడిననాడు అపవిత్రము. మొన్న పులివెందులలో కాగితపు బ్యాలెట్టే గదా వాడిరి, అనుమానము తగ్గెనా? వీరు మాటాడిన ప్రతిపర్యాయము అనుచరులు వేల సందేశములు పుట్టించుచున్నారు. ఈ దెబ్బ ఒక పక్షమునకు తగులదు. ఓటు అనెడు వ్యవస్థకే తగులుచున్నది. పోలింగు ముగిసిన వేళ ప్రతి బూతులో ఎన్ని ఓట్లు పడినవో వ్రాసి, సంతకము చేసి, 17సీ ఫారము నకలు అభ్యర్థుల ఏజెంట్లకిత్తురు. ఆ కాగితమును లెక్కింపునాటి అంకెతో సరిచూడవచ్చును. చేతిలో ఆ కాగితముంచుకొని, దానిని చూపకయే యంత్రమును నిందించుట అన్యాయము.

న్యాయవాది: అది పరిశీలింపదగిన మాట. ఆధారము చేతనుండి చూపనివాడు అనుమానమును అమ్ముకొనుచున్నాడు. అయినను అనుమానించు హక్కు మాత్రము వానికుండవలెను; వీవీప్యాట్ అన్నదే అనుమానించినవారివలన వచ్చినది. ప్రతి నియోజకవర్గములో అయిదు కేంద్రముల చీటీలు లెక్కింపవలెనని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పినది సైతము ఆ అనుమానము ఫలమే. ఇక ప్రభుత్వముల చేతిలో ఈ ఆయుధమెటుల తిరిగెనో చూడుడు. 2019 అక్టోబరులో అప్పటి ప్రభుత్వము 2430 సంఖ్యగల జీవో జారీచేసి, తప్పుడు వార్తలపై కేసులు పెట్టించు అధికారమును శాఖల కార్యదర్శులకిచ్చెను. 2020లో విశాఖ ఎల్జీ పాలిమర్స్ విషవాయు దుర్ఘటనపై ఫేస్‌బుక్కులో ప్రశ్నలు పంచినందుకు గుంటూరులోని ఒక వృద్ధురాలిపై సీఐడీ కేసు పెట్టెను. 2021లో ప్రభుత్వమే తన వార్తల నిజానిజములు తానే తేల్చు ఫ్యాక్ట్‌చెక్ వెబ్‌సైటును తెరచెను. ప్రభుత్వము మారెను. 2024 నవంబరులో ఈసారి మునుపటి పాలకపక్షపు సోషల్ మీడియా కార్యకర్తలపై రాష్ట్రమంతట కేసులు. మన జిల్లాలోని యొక కార్యకర్త వ్యవహారములో జిల్లా ఎస్పీయే బదిలీ యయ్యెను. ఆ కార్యకర్తలలో కొందరు స్త్రీలను గూర్చి వ్రాసిన నీచపు వ్రాతలను నేను సమర్థింపను, అవి శిక్షార్హములే. కాని ఒక సంగతి గమనింపుడు: ఖడ్గము అదే, పట్టిన చేయి మాత్రమే మారుచున్నది.

అయ్యవారు: ఖడ్గము దుర్వినియోగమగునని కొలిమియే ఆర్పివేయుదుమా?

న్యాయవాది: ఆర్పనక్కరలేదు, ఎవరి చేతికిత్తుమో చూచి ఇత్తము. 1908లో మన సీమబిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావు బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో వ్రాసిన వ్రాతకు రాజద్రోహమనిపించి కారాగారమునకు పంపినవారు సైతము, తాము ప్రజాశాంతిని కాపాడుచున్నామనియే నమ్మిరి. సమాచార సాంకేతిక చట్టములోని 66ఎ సెక్షను సైతము సదుద్దేశముతోనే వచ్చెను. అస్పష్టమైన మాటలతో అది ఎవరినైనను పట్టుకొనుచుండగా, 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో దానిని కొట్టివేసెను. తన్ను విమర్శించిన మాట నిజమా అబద్ధమా అని విమర్శింపబడినవాడే తీర్పు చెప్పరాదు. ఇది న్యాయశాస్త్రములో తొలిపాఠము. మీరు మాకు పదవ తరగతిలో చెప్పినదియు ఇదే.

అయ్యవారు: చెప్పితిని, నేటికిని దానిని వదలలేదు. కాని నీవు రైతును, వృద్ధురాలిని ముందు నిలిపి, వారి వెనుక దాగిన మరియొకనిని నాకు చూపుట లేదు. జీతము పుచ్చుకొని అద్దెగదిలో కూర్చుండి, పదుల పేర్లతో ఖాతాలు తెరచి, పాతవీడియోకు కొత్తతేదీ తగిలించి, ఎక్కడిదో గలాటాను జమ్మలమడుగుదని చెప్పి పంపువాడు ఒకడు గలడు. వానికి డబ్బిచ్చువాడు ఇంకొకడు గలడు. నా ఫోనులో రెండు బాణపుగుర్తులతో, పలుమార్లు పంపబడినదన్న ముద్రతో వచ్చు సందేశము అమాయకుడైన నా మేనల్లుని చేతినుండి వచ్చినను, పుట్టినది వాని చేతిలో కాదు. నా కోపము మేనల్లునిపై లేదు. పుట్టించినవానిపైనను, పోషించినవానిపైనను గలదు. పేరులేని వాక్కునకు బాధ్యత యుండదు. బాధ్యతలేని వాక్కు రాజకీయములో ఆయుధమే యగును.

న్యాయవాది: ఈ భేదము మొదటనే చూపియుండినచో మన వాదము సగము తగ్గియుండెడిది. తెలియక పంపినవాడు వేరు, తెలిసి తయారుచేసినవాడు వేరు, ధనమిచ్చి చేయించినవాడు వేరు. మూడవవానిని పట్టుటకు మాటల నిజానిజములు తేల్చనక్కరలేదు; డబ్బులెక్క చూచిన చాలును. ఎన్నికల ప్రకటనలను ముందుగా పరిశీలించి అనుమతించు కమిటీలు జిల్లాకొకటి యున్నవి. సోషల్ మీడియా ప్రకటనలు సైతము వాటి పరిధిలోనివే. ఏ పార్టీ తన సోషల్ మీడియా విభాగమున ఎందరికి ఎంత ఇచ్చుచున్నదో ఎన్నికల వ్యయములో చూపవలెనని గట్టిగా అడుగుదము. ఇందులో ఎవరి నోరును మూయబడదు. కాని, అయ్యవారూ, మరియొక అబద్ధమును గూర్చి మీరింతవరకు పలుకలేదు. అది ఫోనులో పుట్టినది కాదు, మీ జమ్మలమడుగు నేలపైనే పుట్టినది.

అయ్యవారు: ఉక్కు కర్మాగారము సంగతి యనబోవుచున్నావు.

న్యాయవాది: అదియే. 2007లో బ్రాహ్మణి ఉక్కునకు రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేసిరి. 2014 విభజన చట్టములో కడప జిల్లా ఉక్కు కర్మాగారపు సాధ్యాసాధ్యములు ఆరు నెలలలో పరిశీలింపవలెనని వ్రాసిరి. 2018 డిసెంబరులో మైలవరం మండలము కంబాలదిన్నెవద్ద చంద్రబాబునాయుడు మరియొక శిల వేసిరి. 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లెవద్ద జగన్‌మోహనరెడ్డి వేరొక శిల వేసిరి. 2023 ఫిబ్రవరిలో అక్కడనే జెఎస్‌డబ్ల్యు సంస్థతో కలిసి మరల భూమిపూజ చేసిరి. ప్రతి శంకుస్థాపనకును వేదిక యున్నది, ముఖ్యమంత్రి యున్నాడు, ఇన్ని వేల ఉద్యోగములన్న అంకె యున్నది, మరునాటి పత్రికలో పూర్తిపుట చిత్రమున్నది. ఇన్ని రాళ్ల నడుమ పెరిగి ఇంజనీరింగు చదివి బెంగుళూరుకు బస్సెక్కిన పిల్లవానికి అధికారికమైన మాటపై గౌరవమెటుల మిగులును? ప్రభుత్వవాక్కు ఖాళీయైనచోటనే వదంతి వచ్చి కాపురము పెట్టుచున్నది.

అయ్యవారు: నెరవేరని వాగ్దానమును తప్పుడు వార్తతో సమానము చేయను, వాగ్దానము చేసినవానికి నెరవేర్చవలెనన్న తలంపు ఉండవచ్చును, విఘ్నములు రావచ్చును. కాని నీ మాటలోని మర్మము నన్ను తాకినది. నమ్మకము ఇంకిన నేలలోనే అబద్ధము మొలకెత్తును. అటులైనచో విరుగుడు కేవలము కోర్టులలో లేదు. కేవలము పోలీసు స్టేషనులోను లేదు.

న్యాయవాది: పోలీసులే వేరుదారిన నడచి చూపిన ఉదాహరణము సైతము గలదు. 2018లో పిల్లల నెత్తుకుపోవు ముఠాలు వచ్చినవని వాట్సాప్‌లో వదంతి వ్యాపించి, తెలుగు రాష్ట్రములలో అమాయకులపై దాడులు జరిగి, తెలంగాణలో ప్రాణములు సైతము పోయినవి. ఆ సమయమున జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా నుండిన రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరికి పంపి, డప్పు కొట్టించి, జానపద కళాకారులచేత పాటలు పాడించి, వచ్చిన సందేశమును నమ్ముటకు ముందు అడిగి తెలిసికొనుడని బోధించిరి. ఆ ఏడాది జులైలో వాట్సాప్ సంస్థయు భారతదేశములో ఒక సందేశమును ఒక్కసారి అయిదు చాట్లకు మించి పంపకుండ కట్టడి చేసెను. లాఠీ ఎత్తకయే పోలీసు చేయగలిగిన పని యది.

అయ్యవారు: మన జిల్లాలో అంతకంటె పాతపాఠమున్నది. 1820లో కడపకు వచ్చి, బంగళా కొని, సొంతధనముతో పండితులను పోషించిన సి.పి. బ్రౌను దొర వేమన పద్యములను వెలికితీయునపుడు, ఒక తాటాకు ప్రతి చేతికి రాగానే దానిని నమ్మి అచ్చు వేయలేదు. ఊరూరినుండి ప్రతులు తెప్పించి, ఒకదానితో మరియొకటి పోల్చి, లేఖకుల తప్పులేవి, తరువాతివారు చేర్చినవేవి అని తేల్చి పాఠము నిర్ణయింపజేసెను. వ్రాతప్రతి వ్రాతప్రతికి తప్పు పెరుగుననియు, మూలము వెదకనివాడు తప్పునే ప్రామాణికము చేయుననియు ఆయన ఎరుగును. నేడు మన చేతికి వచ్చు ప్రతి సందేశమును ఒక నకలే. ఇది మొదట ఎవరు వ్రాసిరి, ఏ తేదీన, ఏ ఊర, వేరు ప్రతిలో ఎటులున్నది అని అడుగుట ఎనిమిదవ తరగతి పిల్లవానికి నేర్పవచ్చును. చరిత్ర పాఠములో నేర్పవలసినదే యది. మేము రాజుల తేదీలు వల్లెవేయించి ఊరకుంటిమి.

న్యాయవాది: ఆ విద్య తప్పక కావలెను. అయినను చదువుకొన్నవారే ఎక్కువ పంపుచున్నారని మీకు తెలియును. నా తోటి వకీళ్లు, వైద్యులు, బంగారపు వర్తకులు ఉన్న గ్రూపులలో పోల్చి చూచు శక్తిలేనివారెవరు? శక్తియుండియు ఏల పోల్చుట లేదు?

అయ్యవారు: ఏలననగా ఆ సందేశము తమ పక్షపుది. ఇదియే నాయనా, నేను చాలకాలము తలపోసి తెలిసికొన్న సత్యము. మన జిల్లాలో పార్టీ యనగా అభిప్రాయము కాదు. అది ఇంటిపేరువలె, వంశపు పొత్తువలె సంక్రమించుచున్నది. ఫ్యాక్షను రగిలిన పల్లెలలో ఒక వర్గమువాడు తన నాయకునిపై వచ్చిన మాటను నమ్ముట ద్రోహమనుకొనెడివాడు; ఎదుటివానిపై వచ్చిన మాటను శంకించుట పిరికితనమనుకొనెడివాడు. ఆ మనఃస్థితియే నేడు ఫోనులోనికి దిగినది. ఎదుటి పక్షపు అబద్ధమును పట్టుకొనుటకు మనకు సహస్రనేత్రములున్నవి; తన పక్షపు అబద్ధము రాగానే అన్నియు మూతపడుచున్నవి. వివేకానందరెడ్డి మరణించిన దినమున ప్రతివాడును తనకనుకూలమైన కథను ఏరుకొనెను. ఈవీయంల విషయమున ఓడినవాడు ఏరుకొనెను. భూహక్కుల చట్టమున భయమును ఒకరు, ధైర్యమును ఒకరు ఏరుకొనిరి. అబద్ధము వారిని మోసగింపలేదు. వారే దానిని ఆహ్వానించి పీట వేసిరి.

న్యాయవాది: అయ్యవారూ, ఆ మాట ఒప్పుకొన్నచో మీ కఠినశాసనము మరింత బలహీనమగును. ఏలననగా శాసనము చేయువాడును, అమలుచేయువాడును ఏదో యొక పక్షపువాడే. వాని కన్నును తన పక్షముపై మూతపడియే యుండును.

అయ్యవారు: అటులనే నీ స్వేచ్ఛావాదమును బలహీనమగును. మాటకు మాటయే విరుగుడని నీవందువు. కాని వినుటకే నిరాకరించు చెవిలో నిజపు మాట ఎటుల దూరును? ఎదుటిపక్షమువాడు చెప్పిన సవరణ వానికి మరియొక అబద్ధముగానే తోచును. నిజము వాని చెవిన బడవలెనన్న, దానిని వాని పక్షమువాడే చెప్పవలెను. ఆ గ్రూపులో, ఆ మనుష్యుల నడుమ, ఇది తప్పు తమ్ముడూ, నేను విచారించితిని, తీసివేయుమని మనవాడే అనవలెను. అటులన్నవానిని పార్టీ వెలివేయక గౌరవింపవలెను. పులివెందులలో ఆ పక్షపు కార్యకర్త, ప్రొద్దుటూరులో ఈ పక్షపు కార్యకర్త, జమ్మలమడుగులో మూడవ పక్షపు కార్యకర్త, ఒక్కొక్కడు తన పక్షపు ఒక్క అబద్ధమును బహిరంగముగా ఖండించినచో, ఏ సెక్షనును చేయలేని మేలు జరుగును.

న్యాయవాది: దీనికి నేను సంపూర్ణముగా సమ్మతించుచున్నాను. అయినను అంతటితో ఆగరాదు. చట్టముల తెలుగు పాఠము ముందుగానే ఊరూర దొరకవలెను. రైతు నా బల్లవద్దకు రాకయే చదువుకొనగలుగవలెను. 17సీ అంకెలు బూతులవారీగా వెంటనే ప్రజలకు కనబడవలెను. ఎన్నికల ప్రచారమును గూర్చిన వ్యాజ్యములలో, నిషేధమైనను స్టే యైనను, పోలింగునకు ముందే తుదితీర్పు రావలెను. జీతపు ప్రచారము లెక్కలలో కనబడవలెను. సత్యాసత్య నిర్ణయము మంత్రులకు గాని, వారి శాఖలకు గాని ఇయ్యరాదు.

అయ్యవారు: వీటన్నిటికి నేను తల యూపెదను. ఒక్కచో మాత్రము నీతో విడిపోవుదును. అబద్ధమని తెలిసి, దానివలన మనుష్యులపై దాడి జరుగునని తెలిసి, దానిని తయారుచేసినవానికి కారాగారమే తగినది. ప్రాణము పోయిన పిదప సవరణ ప్రకటనతో సరిపెట్టుకొనుమని మృతుని భార్యకు చెప్పజాలను.

న్యాయవాది: తెలిసి చేసెనని కోర్టులో రుజువైనచో నేనును అడ్డుచెప్పను, కాని ఫిర్యాదు అందిన రాత్రియే అరెస్టు చేసి, రుజువు తరువాత వెదకుట నాకు సమ్మతము కాదు. ఆ రాత్రిని మన జిల్లాలో రెండు పక్షములవారును చవిచూచిరి.

అయ్యవారు: ఈ భేదము మన నడుమ ఉండనిమ్ము, అది నిజాయితీగల భేదము. స్థానిక సంస్థల ఎన్నికలు మరల రానున్నవి. నేను ఓటు వేయు పక్షమేదో నీవెరుగుదువు. నీ పక్షమేదో నేనెరుగుదును. నా పక్షమువారు పంపిన అబద్ధమును మొదట నేను ఖండించెదను. నీ పక్షపు దానిని నీవు ఖండింపుము. ఇందులకు చట్టము రానక్కరలేదు, ప్రభుత్వము మారనక్కరలేదు. తనవారి కోపమునకు ఓర్చు ధైర్యమున్న చాలును, ఆ ధైర్యము లేనివానికి ఎదుటివారి అబద్ధమును నిందించు అధికారమును లేదు.